పతకపు అంచున శాసనం: పుల్లలచెరువు – మార్కాపురం ప్రాంత సైనిక పతకాల గుర్తింపు, పరిశోధన

వ్యాససంగ్రహం

పశ్చిమ ప్రకాశం నుంచి బ్రిటిష్ ఇండియా సైన్యంలోను, స్వతంత్ర భారత సైన్యంలోను పనిచేసినవారి పతకాలు ఆ ప్రాంత సామాజిక చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. వాటిని వెండి సరుకుగానో, వంశ ప్రతిష్ఠకు గుర్తుగానో కాక లోహశాసనాలుగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పతకపు అంచున ఉన్న అక్షరాలు, దాని లోహం, పాత పరిపాలనా విభాగాల పేర్లు అనే మూడు ఆధారాలతో ఒక పతకాన్ని మనిషికి, మనిషిని ఊరికి ఎలా చేర్చవచ్చో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైనిక పతకాలు, మద్రాసు సైన్యం, మార్కాపురం తాలూకా, కర్నూలు జిల్లా, లోహశాసనం, సమరేతర సేవకులు.

1. ఉపోద్ఘాతం

పుల్లలచెరువు నల్లమల అంచున, పల్నాడు సరిహద్దును ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతం. దీనికి సమీపంలోని త్రిపురాంతకం ఆలయ శాసనాలను చరిత్రకారులు నూరేళ్లకు పైగా చదువుతున్నారు. ఏ రాజు కాలంలో ఎవరు ఎంత భూమి ఇచ్చారో, ఎన్ని అఖండదీపాలు పెట్టారో ఆ రాళ్ల నుంచి తెలుసుకున్నారు. ఇదే ప్రాంతంలో, ఇంతకన్నా ఎంతో ఇటీవలి కాలానికి చెందిన మరో రకం శాసనం ఉంది. అది రాతి మీద లేదు. ముప్పైఆరు మిల్లీమీటర్ల వ్యాసం గల లోహపు బిళ్ల అంచు మీద ఉంది. దానిలో ఒక సంఖ్య, ఒక హోదా, ఒక పేరు, ఒక దళం పేరు ఉంటాయి. దానధర్మాల ప్రసక్తి గానీ, శాపవాక్యాలు గానీ ఉండవు. శాసనపరిశోధకునికి కావలసిన కాలం, వ్యక్తి, అధికారవ్యవస్థ మూడూ మాత్రం దానిలో ఉన్నాయి.

స్థానిక చరిత్రల్లో ఈ లోహశాసనాలకు చోటు దక్కలేదు. కైఫీయతులు, ఆలయాలు, జమీందారీలు, స్వాతంత్ర్యోద్యమం అనే పరిధిలోనే మన ప్రాంతీయ చరిత్ర రచన ఎక్కువగా సాగింది. బ్రిటిష్ సైన్యంలో కూలికి చేరినవాడు ఆ పరిధిలో ఎక్కడా ఇమడడు. అతణ్ణి వీరుడుగా కీర్తించడానికి జాతీయోద్యమ దృష్టి అడ్డు వస్తుంది. అతని పేరిట ఆస్తిపత్రాలు లేవు గనుక భూచరిత్రా అతణ్ణి పట్టించుకోలేదు. అతను ఉన్నాడనడానికి మిగిలిన గుర్తు చాలా సందర్భాల్లో ఆ బిళ్ల ఒక్కటే.

2. ముఖభాగం చెప్పేది తక్కువ

పతకం చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది దాని మీది బొమ్మను. గుర్తింపులో అది మొదటి మెట్టే తప్ప చివరిది కాదు. ఒకవైపు అయిదవ జార్జి ముఖం, మరోవైపు గుర్రం మీద నగ్నంగా కూర్చున్న పురుషుడు, 1914, 1918 అనే సంవత్సరాలు ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. శిల్పి విలియం మెక్మిలన్. రెక్కలు చాచి నిలబడ్డ విజయదేవత బొమ్మతో, ఇంద్రధనుస్సు రంగుల పట్టీతో ఉన్న పచ్చని కంచుబిళ్ల విక్టరీ మెడల్. మొదటిది వెండిలోనే అరవై లక్షలకు పైగా, రెండోది యాభై లక్షలకు పైగా ముద్రితమయ్యాయి. అంటే ముఖభాగం ప్రకటించేది యుద్ధాన్నే, మనిషిని కాదు.

ఈ దశలోనే తరచుగా జరిగే ఒక పొరపాటును ప్రస్తావించాలి. విక్టరీ మెడల్ అనే పేరులోని ధ్వనిసామ్యం వల్ల దానిని విక్టోరియా క్రాస్‌గా భావించే ప్రమాదం ఉంది. రెండింటికీ ఎక్కడా పోలిక లేదు. విక్టోరియా క్రాస్ శిలువ ఆకారంలో ఉంటుంది. దాని పట్టీ ముదురు ఎరుపు. భారతీయ సైనికులకు దానిని పొందే అర్హత 1911లోనే కలిగింది. మొదటి ప్రపంచయుద్ధం మొత్తంలో దానిని పొందిన భారతీయ సైనికులు పదకొండుమంది. విక్టరీ మెడల్ యుద్ధరంగంలో అడుగుపెట్టినందుకు ఇచ్చిన సేవాపతకం. సేవాపతకానికి, సాహస పురస్కారానికి మధ్య ఉన్న ఈ భేదమే పతక పరిశోధనకు పునాది. సాహస పురస్కారానికి గెజిట్ ప్రకటన, పలు సందర్భాల్లో ప్రశంసాపత్రం ఉంటాయి. సేవాపతకానికి అవి ఉండవు. జాబితాలో ఒక వరుస మాత్రమే ఉంటుంది. తాతగారి పతకం సేవాపతకమని తేలితే వారసులు చిన్నబోవడం సహజం. కానీ చరిత్రకు ఎక్కువ పనికివచ్చేది సేవాపతకమే, ఎందుకంటే అది అసాధారణ వ్యక్తిని గాక సాధారణ జనాన్ని నమోదు చేస్తుంది.

పతకానికి కట్టిన పట్టీని ఆధారంగా తీసుకోవడం కూడా క్షేమం కాదు. పట్టీ నూలో, పట్టో గనుక పతకంకన్నా ముందే చివికిపోతుంది. దొరికిన గుడ్డతో మార్చడం మామూలే. లోహం, అంచు, కొక్కెం, పట్టీ — ఈ వరుసలోనే విశ్వసనీయత తగ్గుతూ పోతుంది.

3. అంచును చదవడం

గుండ్రని పతకాల్లో పేరు అంచు చుట్టూ ఉంటుంది. నక్షత్రాకారంలో ఉన్న 1914–15 స్టార్ వంటి వాటికి అంచు లేదు గనుక వెనుకభాగంలో ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధ పతకాలపై అక్షరాలను అచ్చుతో ఒత్తారు. పంతొమ్మిదో శతాబ్దపు భారత పతకాలపై, ఉదాహరణకు 1854లో నెలకొల్పిన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్‌పై, చెక్కుడుపనితో కూడిన వాలు దస్తూరీ తరచుగా కనిపిస్తుంది. అక్షరాల తీరు పతకపు కాలానికి సరిపడకపోతే అనుమానించాలి.

పేరు విషయంలోనే తెలుగు పరిశోధకుడు మొదటి అవరోధాన్ని ఎదుర్కొంటాడు. అంచుపై సాధారణంగా ఇంటిపేరు ఉండదు. “వెంకటసామి”, “రామసామి”, “చిన్నయ్య” వంటి ఒంటిపేరు మాత్రమే ఉంటుంది. అదీ మద్రాసు దొరల చెవికి వినబడిన స్పెల్లింగులో. మార్కాపురం తాలూకాలో వెంకటస్వాములకు కొదవ లేదు. కనుక పేరును పట్టుకొని బయలుదేరిన అన్వేషణ ఎక్కడికీ చేరదు. దాని ముందున్న సంఖ్యే అసలు పేరు. ఆ సంఖ్య ఒక రెజిమెంటులో ఒక కాలంలో ఒక్కరికే చెందుతుంది. సంఖ్య, దళం రెండూ కలిస్తేనే మనిషి గుర్తింపు ఏర్పడుతుంది. ఇంటిపేరును, ఊరిని, తండ్రిపేరును ఆ తరువాత జాబితాల నుంచి, కుటుంబ జ్ఞాపకం నుంచి తెచ్చి జోడించాలి.

దళం పేరును చదవడానికి ఒక చిన్న లెక్క ఉపకరిస్తుంది. 1903లో కిచెనర్ సంస్కరణల్లో మద్రాసు పదాతి రెజిమెంట్ల పాత సంఖ్యలకు అరవై కలిపి కొత్త సంఖ్యలు ఇచ్చారు. ఒకటో మద్రాసు పయనీర్లు 61వ పయనీర్లయ్యారు. పంతొమ్మిదో మద్రాసు పదాతిదళం 79వ కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ అయింది. ఇరవైమూడోది 83వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ అయింది. కొన్ని మినహాయింపులు ఉన్నా ఈ సూత్రం స్థూలంగా చెల్లుతుంది. 1922లో మిగిలిన కర్ణాటిక్ దళాలు 3వ మద్రాస్ రెజిమెంటులో కలిశాయి; కొద్ది ఏళ్లలో అదీ రద్దయి, రెండో ప్రపంచయుద్ధంలో 1941లో మద్రాస్ రెజిమెంటు మళ్లీ ప్రాణం పోసుకుంది. అంటే ఒకే కుటుంబంలో తాత పతకంపై “మద్రాస్ ఇన్‌ఫాంట్రీ”, కొడుకు పతకంపై “కర్ణాటిక్”, మనుమడి పతకంపై “మద్రాస్ రెజిమెంట్” ఉన్నా అది ఒకే సంప్రదాయం కావచ్చు. 1885–87 నాటి బర్మా యుద్ధంలో మద్రాసు సైన్యం పెద్ద ఎత్తున పాల్గొన్నది గనుక “బర్మా 1885–7” అనే పట్టీబద్ద ఉన్న పతకం ఈ ప్రాంతంలో బయటపడితే ఆశ్చర్యపడనవసరం లేదు.

ఆ తరువాతి దశాబ్దాల్లో దక్షిణాది పదాతిదళాల సంఖ్య క్షీణించడం వెనుక “యుద్ధజాతుల” సిద్ధాంతం ఉంది. పంజాబు, నేపాలు ప్రజలే సహజ సైనికులని, మద్రాసువారు కారని బ్రిటిష్ సేనాధిపతులు నమ్మారు. ఫలితంగా తెలుగువారికి తుపాకీ పట్టే కొలువులు తగ్గిపోయాయి. సాపర్లు, పయనీర్లు, రవాణా, కూలీ దళాలు మిగిలాయి. ఈ పరిణామం పతకాల లోహంలో కనిపిస్తుంది.

4. వెండి, కంచు

బ్రిటిష్ వార్ మెడల్‌కు రెండు లోహాలు ఉన్నాయి. సైనికులకు వెండిది ఇచ్చారు. కూలీ దళాలు, మోతదారులు వంటి కొన్ని సేవకవర్గాల వారికి అదే అచ్చుతో కంచుది ఇచ్చారు. చైనా, మాల్టా, భారతదేశం తదితర ప్రాంతాలవారికి కలిపి ఇచ్చిన కంచు పతకాలు సుమారు 1,10,000. బొమ్మ ఒక్కటే, యుద్ధం ఒక్కటే, ఎండ ఒక్కటే. లోహం మాత్రం వేరు. ఇది కొత్తగా పుట్టిన ఆచారమూ కాదు. బర్మా యుద్ధ కాలంలోనే ఇండియా జనరల్ సర్వీస్ మెడల్‌ను సైనికునికి వెండిలోను, అనుచరునికి కంచులోను ఇచ్చారు. అంతకు ముందు 1799 నాటి శ్రీరంగపట్నం పతకాన్ని బంగారం మొదలు సీసం–తగరం మిశ్రమం వరకు హోదాను బట్టి వేర్వేరు లోహాల్లో పోశారు.

మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి చేరినవారు సుమారు 92,000. వీరిలో పోరాట దళాలవారు 51,000 మంది, సమరేతర దళాలవారు 41,000 మంది. సమరేతరులందరికీ కంచు పతకమే దక్కిందని కాదు. అయితే ఈ నిష్పత్తి వల్ల దక్షిణాది గ్రామాల్లో కంచు పతకానికి ఉన్న ప్రాధాన్యం అర్థమవుతుంది. దాని అంచుపై సిపాయి అని ఉండదు. కూలి, డోలీ మోసేవాడు, కంచరగాడిదలు తోలే డ్రాబీ, నీళ్లు మోసే భిష్తీ వంటి హోదా ఉంటుంది. పల్లకీలు మోసే బోయీల పని పాత మద్రాసు సైన్యంలో గాయపడినవారి డోలీలు మోసే పనిగా కొనసాగింది. ఆ మాట వెనుక ఒక కులవృత్తి చరిత్ర మొత్తం ఉంది. కరవులకు పేరుపడిన మెట్టతాలూకాల్లో, ముఖ్యంగా భూమిలేని కులాల్లో, ఈ కొలువుల చరిత్ర రాయదలచినవారికి కంచు పతకానికి మించిన ఆధారం అరుదు.

విషాదం ఏమిటంటే, ముందు కరిగిపోయేది వెండి పతకం. ముందు పారవేసేది కంచు పతకం. వెండి పతకంలో రెండున్నర తులాలకు మించిన లోహం ఉంటుంది. కరవుకాలంలో అది తాకట్టుకు, అటుపై కంసాలి మూసలోకి పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. కంచు పతకానికి ఆ విలువ కూడా లేదు గనుక పాత సామాన్ల వాడి త్రాసులోకి చేరుతుంది. సంగ్రాహకుల విపణిలో మాత్రం ఈ విలువలు తలకిందులవుతాయి. అరుదైన దళం పేరున్న కంచు పతకానికి అక్కడ గిరాకీ ఉంది. ఊరికి విలువ తెలియని వస్తువు బయటివాడికి తెలిసినప్పుడు ఊరి నుంచి వస్తువూ పోతుంది, దానితో పేరూ పోతుంది.

యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు పతకాలతోపాటు సుమారు పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు గల కంచు ఫలకం ఒకటి అందేది. దానిపై మృతుని పేరు ఉంటుంది గానీ హోదా ఉండదు. మరణంలో అందరూ సమానులని దాని ఉద్దేశం. వెండి–కంచు భేదాన్ని పాటించిన సామ్రాజ్యమే ఈ ఫలకంలో సమానత్వాన్ని ప్రకటించింది. అయినా బస్రా స్మారకంలో బ్రిటిష్ వారితో సమానంగా భారతీయ సాధారణ సైనికుల పేర్లను రాతిపై చెక్కలేదు. అధికారుల పేర్లు చెక్కి, మిగిలినవారిని సంఖ్యలుగా చూపారు. ఇటువంటి వివక్ష జరిగిందని కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం నియమించిన కమిటీ 2021లో అంగీకరించింది. ఆ నేపథ్యంలో పతకపు అంచు ప్రాధాన్యం మరింత పెరుగుతుంది. రాతి మీద లేని పేరు కొన్నిచోట్ల లోహం మీదే ఉంది.

5. ఏ జిల్లా జాబితాలో వెదకాలి?

పుల్లలచెరువు పరిశోధకునికి ప్రత్యేకమైన చిక్కు ఇది. “ప్రకాశం” అనే పేరుతో పాత సైనిక రికార్డుల్లో ఎంత వెదికినా ఫలితం శూన్యం. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంతకు ముందు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లావి. ఇంకా వెనక్కు వెళితే, 1858లో కర్నూలు జిల్లా రూపుదిద్దుకోకముందు, ఈ ప్రాంతం కడప కలెక్టరేటు కింద ఉండేది. కనుక 1858కు ముందటి కంపెనీ సిపాయికి కడప, బర్మా యుద్ధం నాటివాడికీ రెండు ప్రపంచయుద్ధాల నాటివాడికీ కర్నూలు, 1971 యుద్ధం నాటివాడికి ఒంగోలు జిల్లాలుగా నమోదు కావాలి. ఒకే ఊరు, మూడు జిల్లాలు. మండలాలు 1985లో వచ్చాయి గనుక పాత నమోదుల్లో పుల్లలచెరువు ఒక గ్రామమే. తాలూకా స్థానంలో మార్కాపురాన్ని చూడాలి.

మృతుల విషయంలో కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం జాబితాలు మొదటి మెట్టు. భారతీయ సైనికుల నమోదుల్లో పలుచోట్ల తండ్రిపేరు, గ్రామం, తాలూకా, జిల్లా, ప్రెసిడెన్సీ వరుసగా ఉంటాయి. “కర్నూలు, మద్రాస్” అనే మాటలతో వెదికి, మార్కాపురం, కంభం, గిద్దలూరు పేర్ల వికృత రూపాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. గ్రామనామాల లిప్యంతరీకరణలో ‘ల్ల’, ‘చ’, ‘ర’ ఎన్ని రూపాలు ధరిస్తాయో తెలుగు చదివినవారికే త్వరగా స్ఫురిస్తుంది. ఈ పనిలో భాషాశాస్త్ర శిక్షణ సైనికచరిత్ర పరిజ్ఞానంతో సమానంగా అవసరం. చెన్నై నందంబాక్కంలోని మద్రాసు యుద్ధసమాధుల ఆవరణలో 1914–18 మృతులకు స్మారకం ఉంది. బర్మాలో మరణించి సమాధి లేనివారి పేర్లు తౌక్యన్‌లోని రంగూన్ స్మారకంపై ఉన్నాయి. కంపెనీ కాలపు పతక జాబితాలకు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు సైనిక రికార్డులను, తరువాతి దండయాత్రల జాబితాలకు క్యూలోని జాతీయ అభిలేఖాగారాన్ని చూడాలి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం భారతదేశంలో ముఖ్యమైనవి. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు ఎగ్మూరులో ఉన్నందున మార్కాపురం చరిత్రకు అమరావతికన్నా చెన్నై ప్రయాణమే ఎక్కువ ఫలిస్తుంది.

ఈ విషయంలో పంజాబు అదృష్టవంతురాలు. యుద్ధానంతరం అక్కడ గ్రామాలవారీగా తయారుచేసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో నిలిచి, దాదాపు 3,20,000 మంది సైనికుల వివరాలు 2021 నుంచి వెలుగులోకి వచ్చాయి. తెలుగు జిల్లాల పరిశోధకుడు వేర్వేరు చోట్ల ముక్కలు ఏరుకోక తప్పదు.

6. రెండో ప్రపంచయుద్ధం, దొనకొండ

రెండో ప్రపంచయుద్ధ పతకాలు సమూహంగా దొరుకుతాయి గనుక ఒక్కొక్కటిగా గాక వరుసగా చదవాలి. 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ నాలుగూ ఉంటే ఆ వ్యక్తి బర్మా రంగంలో పనిచేశాడని చెప్పవచ్చు. మొదటి రెండు లేకుండా చివరి రెండే ఉంటే అతని సేవ ఎక్కువగా దేశంలోపలే సాగిందని ఊహించవచ్చు. ఇండియా సర్వీస్ మెడల్‌ను యుద్ధరంగానికి వెలుపల భారతదేశంలో మూడేళ్లు పనిచేసినవారికి ఇచ్చారు. బర్మా స్టార్ అర్హతాకాలం 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. బ్రిటన్ ఈ పతకాలను తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. భారతీయ సైనికుల పతకాల్లో పేరు ఒత్తినవి ఉన్నాయి. కనుక పేరు లేనంత మాత్రాన నకిలీ అనరాదు. ఉన్నంత మాత్రాన పరిశీలన మానరాదు.

పశ్చిమ ప్రకాశానికి ఈ యుద్ధం పూర్తిగా దూరదేశపు వార్త కాదు. మార్కాపురం రోడ్డు మీదుగా పోయే మీటరుగేజి లైనులోని దొనకొండ వద్ద బ్రిటిష్ ప్రభుత్వం విమానాశ్రయం నిర్మించింది. యుద్ధం ఊరి దగ్గరికే వచ్చింది గనుక, దొనకొండలో మట్టి మోసిన పౌరకూలికి, బర్మాలో రోడ్డు వేసిన పయనీరుకు మధ్య తేడా తరాల తరువాతి కుటుంబ కథనాల్లో చెరిగిపోయే అవకాశం ఉంది. పతకాల వరుస ఆ తేడాను తిరిగి చూపుతుంది. పౌరకూలీకి పతకమే లేదు. అతని చరిత్రను మరో మార్గంలో వెదకాలి.

7. స్వతంత్ర భారత పతకాలు

1947 తరువాతి పతకాల గుర్తింపు సులభం. సైన్య సేవా మెడల్‌కు జమ్మూ–కాశ్మీర్, హిమాలయ, నేఫా వంటి పట్టీబద్దలు సేవాస్థలాన్ని చెబుతాయి. 1965కు సమర సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం 1972 నాటిది. దాన్ని 1971 యుద్ధపతకంగా పొరబడరాదు. అశోకచక్ర పురస్కారాలను 1967కు ముందు మూడు తరగతులుగా పిలిచేవారు. రెండో తరగతి తరువాత కీర్తిచక్ర, మూడోది శౌర్యచక్ర అయింది. ఆ కాలపు కాగితాల్లో “అశోకచక్ర తరగతి మూడు” అని కనిపిస్తే దానిని నేటి అశోకచక్రగా చెప్పడం తప్పు. ఈ కాలానికి చెందినవారి సర్వీసు వివరాలు సంబంధిత రికార్డు కార్యాలయాల్లో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటు కేంద్రం వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు బెంగళూరులో ఉన్నాయి. కుటుంబం దగ్గర ఉండే డిశ్చార్జి పుస్తకం వీటన్నిటికన్నా దగ్గరి దారి.

8. నకిలీ, మార్పు, చట్టం

పతకం అసలుదే అయినా పేరు అసలుది కాకపోవచ్చు. పాత పేరును ఆకురాయితో అరగదీసి, పేరున్న రెజిమెంటుకు చెందిన మరో పేరు ఒత్తడం సంగ్రాహక విపణిలో తెలిసిన మోసం. అరగదీసిన అంచు వద్ద వ్యాసం తగ్గుతుంది. కొలపరికరంతో రెండు మూడు చోట్ల కొలిస్తే ముప్పైఆరు మిల్లీమీటర్ల నుంచి తేడా బయటపడుతుంది. అక్షరాల లోతు, వరుస, పాతబడిన రంగు కూడా చూడాలి. దీనికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం మోసగాడు కాదు, ఇంట్లోని చింతపండు. పండగకు ఇత్తడి సామాన్లతోపాటు తోమి తోమి అంచులోని అక్షరాలను మాపేస్తే ఏ నిపుణుడూ వాటిని తిరిగి తేలేడు. పరిశోధకుడు ఇంటికి వెళ్లినప్పుడు మొదట చేయవలసినది తోమవద్దని చెప్పడం. ఆ తరువాత పక్కవెలుతురులో అంచును చుట్టూ ఫోటోలు తీసి, అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు, తప్పు స్పెల్లింగుతో సహా ప్రతి రాసుకోవడం. శాసనపాఠాన్ని సవరించి ప్రకటించరాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

పురావస్తువులు, కళానిధుల చట్టం 1972 ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక ప్రాముఖ్యం గల వస్తువు పురావస్తువు నిర్వచనంలోకి రాగలదు. అటువంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. మొదటి ప్రపంచయుద్ధ పతకాలు ఇప్పుడు ఆ వయోపరిమితిని దాటాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల్లో సైనిక కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పతకం కొనడానికి వచ్చినవాడు ముందుగా అడిగేది అంచు మీద ఏముందనే. ఆ ప్రశ్నకు జవాబును అతనికన్నా ముందు గ్రామ పాఠశాల ఉపాధ్యాయుడో, కళాశాల విద్యార్థో రాసిపెట్టుకుంటే, పతకం చేతులు మారినా పుల్లలచెరువు పేరు దానితో పోదు.